ఎనిమిదో చోటు

ఒక్కటడుగుతాను, నిజం చెప్పండి: మీ ఇంట్లో మంచి సౌండు ఎవరి కుర్చీ దాకా వస్తుంది?

నేను చెప్పబోయే అన్నయ్యావదినల ఇంట్లో ఎవరూ వినిపించుకోని మాటలు గాల్లో కలిసిపోవు. అన్నచోటే నూకల్లా నేలమీద రాలతాయి. వదిన పొద్దున్నే వాటిని తన స్టూలు కిందికి ఊడ్చి, వారానికోసారి ఎత్తి పారబోస్తుంది. అదో వింతని ఎవరూ అనుకోలేదు. దుమ్ము లేని ఇల్లుంటుందా?

అన్నయ్య నెల రోజులు టీవీ స్పీకర్లన్నిటినీ నడిపే హోం థియేటరు రిసీవరు బేరంలో మునిగిపోయాడు. ఏడు చానెళ్లదా, తొమ్మిదిదా? ఈ గదికి ఎన్ని వాట్లు కావాలి? పక్కింటాయన్ని అడిగాడు, లిఫ్టు మెకానిక్కునీ అడిగాడు. ఇంట్లో మనిషిని తప్ప ఊరందరినీ అడిగి, తొమ్మిదిదే కొన్నాడు.

శనివారం పొద్దున సౌండు సరిచెయ్యడానికి, కొలిచే మైకు పట్టుకుని చెల్లెలొచ్చింది. ఆమె ఉద్యోగమే అది.

“మైకు నా సోఫా దగ్గర పెట్టవే, చాలు.”

“ఎనిమిది చోట్ల పెట్టి కొలవాలన్నయ్యా. గది నీ ఒక్కడిదా?”

“మిగతా చోట్ల కూర్చునేదెవరట?”

ఏడు చోట్లయ్యాయి. ఎనిమిదోది వంటింటి గుమ్మం పక్కన వదిన స్టూలు.

“వదినా, కాస్త లేస్తావా?”

వదిన పలకలేదు. చెల్లెలు కుడివైపుకొచ్చి మళ్లీ అడిగితే ఉలిక్కిపడి లేచింది.

మైకు పెట్టగానే స్పీకర్లు ఒక్కొక్కటే కూత వేశాయి. ఆ కూతకి స్టూలు కింది మాటలు గింజగింజగా లేచి మైకులో దూరాయి. తొమ్మిది స్పీకర్లలోంచీ వదిన గొంతే!

“ఏవండీ, నిన్నట్నుంచి ఎడమ చెవి వినపడ్డం లేదు.”

“ఏవండీ, మూడ్రోజులైంది.”

“ఏవండీ, భయమేస్తోంది.”

అన్నయ్య తల గోక్కున్నాడు. “బేస్ కొంచెం ఎక్కువైనట్టుందే?”

చెల్లెలికి అరికాలి మంట నెత్తికెక్కింది. “గోడలకి చెవులుంటాయంటారు. ఈ ఇంట్లో గోడలకే ఉన్నాయన్నయ్యా! నీకు సినిమాలో ఆకు రాలినా వినపడాలి. పక్కనున్న మనిషి గోడు మాత్రం చెత్తబుట్టకా?”

కొలతలు సగంలో వదిలేసి, వదినని స్కూటరెక్కించుకుని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

“ఇంకో వారం ఆగుంటే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు,” అన్నారు డాక్టరు.

మూడు వారాలకి, స్టూలు మీద కూర్చున్న వదిన ఎడమ చెవిలో చినుకుల చప్పుడు పడింది. “వానండీ!” అంది. సోఫాలోంచి అన్నయ్య, “అవునే, వానే,” అన్నాడు. ఆ మాట నేల రాలలేదు.

మీరూ ఇవాళ టీవీ కట్టేసి, మీ వంటింటి గుమ్మం పక్కన కాసేపు కూర్చోండి. అక్కడ రాలినవన్నీ ఏరి వినండి. ఊడ్చెయ్యకండి.