రంగం మనిషి

"దానికి మన ఇంటి పని నేర్పు," అని అత్త చీపురు తెచ్చి దేముడమ్మ చేతిలో పెట్టింది. పేడనీళ్ళు చల్లడం, వడ్లు దంపడం, మగవాళ్ళు తిన్నాక మిగిలింది తినడం. మందస నుంచి కోడలిగా వచ్చినప్పుడు దేముడమ్మకి ఇవన్నీ తిట్లే నేర్పాయి. ఇప్పుడు మొగుడు రంగంలో చేరదీసిన మనిషికి తనే నేర్పాలి.

రంగం అంటే రంగూను. ఉద్దానం మగవాళ్ళు ఎంతోమంది అక్కడి రేవులో మూటలు మోసి బతికేవారు. 1930 వేసవిలో అక్కడ తెలుగు కూలీల మీద కత్తులు లేచినప్పుడు దేముడమ్మ మొగుడు దాలయ్య పోయాడు. తమ్ముడు బైరాగి ప్రాణాలతో బారువ రేవులో ఓడ దిగాడు. వెంట ఒక బర్మా మనిషి, ఆమె చంకలో పసివాడు. "అన్న కొడుకు, వదినా," అని తల దించుకున్నాడు. దేముడమ్మ విధవ కావడం, సవతిని చూడడం ఒకే పూటలో జరిగిపోయాయి.

ఆమె పేరు మాసేన్. ఊరు రంగమ్మ అంది. ఆమెకి తెలుగంతా దాలయ్య నేర్పిందే. దంపుతున్న దేముడమ్మ వెనక నిలబడి మొదటిసారి "తిన్నావేటి?" అన్నప్పుడు రోకలి చేతిలోంచి జారిపోయింది. అదే సాగదీత, చివర్న అదే ఎత్తు. అచ్చం దాలయ్యే. కానీ కాపురం చేసినన్నాళ్ళూ దాలయ్య ఆ మాట తనని ఒక్కసారీ అడగలేదు. నీళ్ళు, కూడు, ఎల్లొత్తాను. తనకి దక్కినవి ఇవే. ఈమెకి దక్కిన మాటలు, కూకో, సలేత్తందా, నానున్నాను గదా, ఇప్పుడు ఇల్లంతా తిరుగుతున్నాయి. పొయ్యి దగ్గరా, జీడితోటలోనూ, పిల్లాణ్ణి జోకొడుతుంటే గోడ అవతలా. దేముడమ్మ చెవులు మూసుకునేది. కాసేపటికి తనే చేతులు తీసేది.

ఒకనాడు కొబ్బరిమట్టలు చీలుస్తూ మాసేన్ చెప్పింది. "ఆయన్ని సాపల కింద దాసినాను. మా అన్నే కత్తులోళ్ళకి సూపించేసినాడు. మావోళ్ళు నన్ను తెలుగోడి పెళ్ళామన్నారు. ఇక్కడ బర్మాదన్నారు. నానెవులిదాన్ని?"

ఆ ప్రశ్న దేముడమ్మది కూడా. పిల్లల్లేని విధవకి ఇక్కడేం పని, పుట్టిల్లు మందసకి పంపేద్దామని ఇంట్లో అప్పటికే అనుకుంటున్నారు.

కులపెద్ద రామూర్తి ఇంటి ముందు మనుషులు చేరారు. పిల్లాడు మన రక్తం కాబట్టి ఉంటాడనీ, తల్లిని తిరిగి ఓడెక్కించాలనీ అన్నారు. అత్త దేముడమ్మ చెవిలో గొణిగింది. "పిల్లడు నీ ఒళ్ళో పడతాడు. ఇంక నిన్ను పొమ్మనేదెవుడే?"

ఆ మాట నిజమే. పిల్లాడి మెత్తటి అరికాళ్ళు తలుచుకుంటే సరేననాలనే అనిపించింది. ఎండలో నిలబడిన మాసేన్ పిల్లాణ్ణి ఎంత గట్టిగా పట్టుకుందంటే వాడు ఏడుపందుకున్నాడు. ఇంటి మనిషి ఒకరు ఆమె చేతి నీళ్ళు తాగితే ఊరు కలుపుకోక తప్పదు. అది అందరికీ తెలుసు. అందుకే ఎవరూ కదల్లేదు.

దేముడమ్మ లేచి, నీళ్ళచెంబు తెచ్చి మాసేన్ చేతికిచ్చి, ఆమె ముందు దోసిలి పట్టింది. "నీళ్ళు పొయ్యి." మాసేన్ ఒంటిచేత్తో వంపితే సగం నీళ్ళు నేలపాలయ్యాయి. మిగిలినవి దేముడమ్మ తాగింది.

"ఇది నీకేటవుద్దమ్మా?" అన్నాడు రామూర్తి. 'సవతి' అనే మాట కోసం అంతా ఎదురుచూశారు.

"ఈ ఊరికి నానేటవుతానో ఇదీ అదే అవుద్ది, బాబూ. పొమ్మంటే ఇద్దరం పోతాం. పిల్లడు తల్లితోనే పోతాడు."

కాదనాలంటే ముందు దేముడమ్మ ఈ ఊరికి ఏమవుతుందో చెప్పాలి. దాలయ్య పెళ్ళాం అంటే ఇద్దరికీ అదే మాట. బైరాగి లేచొచ్చి వదిన పక్కన దోసిలి పట్టాడు. రామూర్తి కండువా దులుపుకుని, ఉండనీండి అన్నాడు.

మర్నాడు మాసేన్ ఊరి బావిలో చేద వేసింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆడవాళ్ళు కుండలెత్తుకుని దూరంగా జరిగారు, అంతే.

ఆ ఖాళీలోకి వెళ్ళి దేముడమ్మ నిలబడింది.