పది లక్షల్లో ఎన్ని పాళ్ళు

కూతురు పోయిన ఏడు నెలలకు కూడా సిద్దిరాములు నోట్లోంచి దాని పేరు రాలేదు. నిర్మల్‌లో ఇరుగుపొరుగు ముందు అతని ధైర్యాన్ని మెచ్చుకున్నారు, తర్వాత చెవులు కొరుక్కున్నారు. లోకానికేం పోయింది, ఏడిస్తే పిరికివాడంటుంది, ఏడవకపోతే రాతిగుండె అంటుంది. అతనిది ధైర్యమూ కాదు, రాతిగుండే కాదు. లోపల ఏమీ లేదు, అంతే. పెడితే తిన్నాడు. భార్య లింగవ్వ కూర వెయ్యడం మరిచిపోయిన పూట వట్టి అన్నమే తిని లేచాడు. ఆ సంగతి వడ్డించినామెకూ తెలియలేదు, తిన్నవాడికీ తెలియలేదు.

అతను బొమ్మలకు రంగులు వేస్తాడు. తేలికైన పొణికి కర్రతో చెక్కిన మామిడిపండ్లు, సీతాఫలాలు, అరటిపండ్లు. తండ్రి కాలంలో రంగురాళ్ళు నూరేవారు. ఇతని చేతికి పని వచ్చేసరికి బజార్లో డబ్బా రంగులు దిగాయి. పసుపు డబ్బా మూత తీస్తే చాలు, మామిడిపండు అరగంటలో మాగేది. సన్న గీత పడాలంటే కుంచె మొన సూదిలా ఉండాలి గదా. అందుకు ఆ ఇంట్లో తాతల నాటి నుంచి ఒకటే పద్ధతి, కుంచెను పెదవుల మధ్య పెట్టి తిప్పడం.

కూతురు రాజమణికి మూడేళ్ళు నిండకముందే ఆ పద్ధతి పట్టుబడింది. తండ్రి పక్కనే కూచుని, అతను కుంచె నోట్లో పెట్టుకున్నప్పుడల్లా తనూ ఒక పుల్ల పెట్టుకునేది. సిద్దిరాములు మురిసిపోయి దానికో చిన్న కుంచె కట్టిచ్చాడు. పసుపు పెదవులతో అది ఇల్లంతా తిరుగుతుంటే అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్విందీ అతనే.

నాలుగో ఏట పిల్ల కడుపునొప్పి అంది. తిండి మానింది. వానకాలంలో ఫిట్సు వచ్చి మూడు రోజుల్లో కళ్ళు మూసింది. ఆస్పత్రిలో డాక్టరు పిల్లను చూశాక తండ్రి గోళ్ళకంటిన పసుపు రంగు వైపు చూసి, “ఆ రంగు పిల్ల నోట్లో పెట్టుకుంటుందా?” అని అడిగాడు. జవాబు వినేలోగా ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు. ప్రశ్న మాత్రం సిద్దిరాములు దగ్గరే ఉండిపోయింది. లింగవ్వకు చెప్పలేదు. ఎలా చెప్తాడు, కుంచె కట్టిచ్చింది తానైనప్పుడు?

ఇప్పుడు లింగవ్వకు అయిదో నెల. అదే ఇల్లు, అదే గది, అదే డబ్బా. పిల్లను తిన్నది రంగే అయితే, పుట్టబోయే దాన్ని ఆ గదిలో పండబెట్టడం తెలిసి తెలిసి గొంతు పిసకడమే. పని మానేద్దామంటే అతనికి మరో పని రాదు. రంగు కాదని తేలితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. కాన్పు కాకముందే ఏదో ఒకటి తెలియాలి. ఆ ఒక్క విషయం తప్ప అతనికి ఇంకేదీ పట్టలేదు.

అప్పుడు సీమోను సారు గుర్తొచ్చాడు. ఆయనది ఖానాపూర్. ఏటా క్రిస్మస్ ముందు వచ్చి చర్చి పిల్లల కోసం ఒక గంప బొమ్మలు కొంటాడు. ఉద్యోగం కరీంనగర్‌లో, పొలాల మట్టిని పరీక్ష చేసే ఆఫీసులో. “మట్టిల చిటికెడు జింకు తక్కువైతె వరి ఎర్రబడ్తది సిద్దిరాములూ. గా చిటికెడును గూడ మా మిషను పట్టుకుంటది” అని ఒకసారి గొప్పగా చెప్పాడు. అంత చిన్నది పట్టుకునే మిషను దీన్ని పట్టుకోదా?

మూడు పొట్లాలు కట్టాడు. ఒకదాంట్లో డబ్బా అంచున ఎండిన రంగు. రెండోదాంట్లో గదిలో గీకిన నేలమట్టి. మూడోదాంట్లో రాజమణి వెంట్రుకలు. మూడో ఏటి చివర ధర్మపురిలో పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు మొత్తం గోదారిలో వదలాలి గానీ, లింగవ్వ ఒక ఉంగరాల కుచ్చు కొంగులో దాచుకొచ్చింది. పిల్ల పోయాక ఆమెకు మిగిలింది అదే. ఆమె బావికి పోయిన వేళ చూసి సందుగలోని భరిణెలోంచి తీశాడు. అడిగితే ఎందుకో చెప్పాలి గదా.

జగిత్యాల మీదుగా బస్సులో కరీంనగర్ వెళ్ళి పొట్లాలు బల్ల మీద పెట్టాడు. సీమోను ఒక్కొక్కటి విప్పి చూశాడు.

“వెంట్రుకలెవరియి?”

“రాజమణియి.”

అంతకు ముందటి ఏడు క్రిస్మస్‌కు రాజమణి ఆయన వేలు పట్టుకుని గంప చుట్టూ తిరిగిన పిల్ల. సీమోను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “వారం రోజులాగి రా” అన్నాడు. ఆ వెంట్రుకలను ఏం చేస్తారో ఆయన చెప్పలేదు, ఇతను అడగలేదు. భూతద్దంలో చూసి మళ్ళీ చేతికిస్తారనే సిద్దిరాములు అనుకున్నాడు.

వారం తర్వాత సీమోను అతన్ని మిషను గదిలోకి తీసుకుపోయి స్టూలు వేశాడు. మిషను మధ్యలో నీలి మంట ఒకటి సన్నగా బుసకొడుతోంది. ఒక్కో లోహానికి ఒక్కో దీపం ఉంటుందట. మట్టికి కావలసిన జింకు దీపం, రాగి దీపం రోజూ వెలుగుతాయి. సీసం దీపం మాత్రం వచ్చిన నాటి నుంచి అట్టపెట్టెలోనే పడి ఉందట, ఇతని కోసమే మొదటిసారి తీశారట.

“సీసమంటె, చేపల వలకు గుండ్లు కడ్తరు, గదేనా సారూ?”

“గదే. నీ పసుపు రంగుల గదే ఉన్నది. మస్తుగున్నది. నీ ఇంటి మట్టిలనూ ఉన్నది. మంచి మట్టిల పది లక్షల పాళ్ళకు ఇరవై ముప్పై ఉంటది. నీ దాంట్ల మూడువేలు.”

సిద్దిరాములు తల ఊపాడు. మూడువేలు అన్నది ఊళ్ళో ధర చెప్పినట్టు చెవిన పడింది, లోపలికి దిగలేదు.

“మరి పిల్లది?”

సీమోను కాగితం వైపు చూస్తూ, “గదే సమజైత లేదు. పదిలోపుండాలె. రెండువేల మూడొందలు చూపిచ్చింది. బతికున్న మనిషి వెంట్రుకల అంత ఉండదు. మంచిగ కడిగినంకనే చేసిన. అవి ఎండ్ల దాసిండ్రు?” అన్నాడు.

“డబ్బల సారూ.”

“ఏం డబ్బ?”

“నేనే చేసిన. చిన్న భరిణె.”

“లోపట రంగేసినవా?”

భరిణెలకు లోపల ఎవరూ రంగు వెయ్యరు. ఎవరికి కనబడుతుంది, ఎందుకు దండగ. కానీ బిడ్డ తొలి వెంట్రుకలు ఉండే చోటు వట్టి కర్రగా ఉండడం అతనికి మనసొప్పలేదు. రెండు పూతలు వేశాడు. పసుపే వేశాడు.

“ఏసిన” అన్నాడు.

సీమోను కాగితం బోర్లించాడు. “భరిణె రంగు వెంట్రుకలకు పట్టింది. కడిగితె పోలే. ఇగ అండ్ల బిడ్డదెంత, భరిణెదెంత, ఏ మిషనూ చెప్పలేదు. రంగే పానం తీసిందని నేననలేను, కాదనీ అనలేను.”

“మంచిది సారూ” అన్నాడు సిద్దిరాములు. చేయి చాచాడు. “అవి ఇటియ్యుండ్రి. ఇంటామెకు తెల్వకముందే పెట్లె పెట్టాలె.”

సీమోను ఆ చేతి వైపు చూశాడు. “అవి లేవు సిద్దిరాములూ” అన్నాడు. “యాసిడ్ల కరగబెడ్తెనే మిషను చదువుతది. నీకు ముందుగాల చెప్పకపోవుడు నాదే తప్పు.”

దుఃఖం రావలసిన చోటు అది. రాలేదు. చాచిన చేయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సిద్దిరాములు మోకాలి మీద పెట్టుకున్నాడు. బిడ్డను రెండోసారి తన చేత్తోనే మోసుకొచ్చి ఇచ్చేశానని మాత్రం అర్థమైంది. ఆ అర్థం కూడా ఎవరిదో పక్కింటివాళ్ళ సంగతిలా ఉంది.

సీమోను సొరుగులోంచి కత్తెర తీశాడు. “నీ జుట్టు జర కత్తిరిస్త, మెడ కాడ. నువ్వూ అదే గదిల కూసున్నవ్, అదే కుంచె నోట్లె పెట్టినవ్. బిడ్డ సంగతి నాతోని కాలే. నీ సంగతన్న చూస్త.”

సిద్దిరాములు గభాలున తల వెనక్కి లాక్కున్నాడు. “వద్దు సారూ. ఇంటామె కడుపుతోనున్నది. నేను కత్తెర పెట్టుకోవద్దు.”

అప్పటిదాకా సీమోనుకు ఆ సంగతి తెలియదు. ఇతని మెడ మీదికి పెరిగిన జుట్టును, గడ్డాన్ని చూసి బిడ్డ మీది బెంగ అనుకున్నాడు. కత్తెర బల్ల మీద పెట్టేశాడు.

“ఎన్నో నెల?”

“అయిదు.”

“గదే ఇంట్లనా?”

సిద్దిరాములు నీలి మంట కేసి చూసి, తనే తల వంచి మెడ చూపించాడు. ఆచారం తప్పుతున్నానని తెలిసే వంచాడు.

సాయంత్రం దాకా వరండాలో కూచోబెట్టి సీమోను లెక్క తెచ్చాడు. అరవై ఎనిమిది. “పదిలోపుండాలె. రంగు నీ ఒంట్లె ఉన్నది. తల్లి ఒంట్లె ఉంటె కడుపులకూ దిగుతది. ఆమె వెంట్రుకలు గూడ కావాలె. ఈసారి నేను ముందే చెప్తున్న, అవి తిరిగి రావు.”

మర్నాడు పొద్దున ఇల్లు చేరేసరికి లింగవ్వ పొయ్యి ముందు కూచుని ఉంది. పక్కన భరిణె, మూత తీసి. ఖాళీ. సిద్దిరాములు గోడకు ఆనుకుని కూచుని మొత్తం చెప్పాడు. డాక్టరు ప్రశ్న, కుంచె, మూడు పొట్లాలు, యాసిడ్, అరవై ఎనిమిది, ఆమె వెంట్రుకలు కూడా కావాలన్న మాట. బస్సు ఎక్కడెక్కడ ఆగిందో చెప్పినట్టు చెప్పాడు.

లింగవ్వ పొయ్యిలోకి చూస్తూనే అంది:

“నేను దేవునికియ్యాల్సినయి దాసుకున్న గదా. ధర్మపురి నర్సింహస్వామి గందుకే గుంజుకపోయిండు అనుకున్న. ఏడు నెలలు గదే అనుకున్న. నీకెట్ల చెప్పాలె?”

ఒకే కప్పు కింద ఒకే బిడ్డను ఇద్దరూ చంపుకున్నారు, ఒకరికి తెలియకుండా ఒకరు. సిద్దిరాములు ఖాళీ భరిణెకు మూత పెట్టాడు.

లింగవ్వ లేచి కత్తెర తెచ్చింది. కొప్పు విప్పి, జుట్టు ముందుకు వేసుకుంది.

“వద్దే. కడుపుతోని ఉన్నదానివి” అన్నాడు.

“కడుపుల ఉన్నదాన్ని చూద్దామంటె దానికి ఇంక వెంట్రుకలెక్కడియి?” అంది లింగవ్వ. “నాయి తీస్కపో.”

కత్తెర అతని చేతిలో పెట్టి, అతనికి వీపు తిప్పి కూచుంది.