గుగ్గిలం పూసిన రేకు

నేను ఒక జింకు రేకు పట్టీని. జానెడు వెడల్పు. శ్రీకాకుళం సముద్రపు ఒడ్డున, గురమ్మ ఇంటి వసారా కప్పు గోడకు ఆనే సందు మీద పడుకుని వాన నీళ్ళు లోపలికి దిగకుండా చూడటం నిన్నమొన్నటి దాకా నా ఉద్యోగం. తుఫానుల ఊళ్ళో అదేమీ చిన్న ఉద్యోగం కాదు. అయినా ఆ ఇంటికి వచ్చినవాళ్ళెవరూ తలెత్తి నన్ను చూసిన పాపాన పోలేదు.

నన్ను ఏ ఫ్యాక్టరీలో సాగదీశారో గుర్తులేదు. మోకాలి మీద పెట్టి వంచిన చేతులు మాత్రం గుర్తున్నాయి. అవి గురమ్మ భర్త కాములువి. అతను పడవల మనిషి. పడవ చెక్కల సందుల్లో చేసినట్టే, నా అంచుకూ గోడకూ మధ్య నూలు కూరి గుగ్గిలం పూశాడు. నీళ్ళలో నానే పడవకు చేసే వైద్యం ఎండలో మాడే కప్పుకు పనిచేస్తుందా? ఏటా వేసవికి గుగ్గిలం పగిలేది. ఏటా సముద్రంలో చేపల వేట ఆపే రోజుల్లో అతను, కూలికి వెళ్ళిన గుజరాత్ బోట్ల నుంచి వచ్చి మళ్ళీ పూసేవాడు. కింద నిచ్చెన పట్టుకుని, ఇది ఇల్లా నావా అని గురమ్మ ఆటపట్టించేది. ఆ నవ్వు కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేదాన్ని.

ఆమె తమ్ముడు సింహాద్రి తాపీ మేస్త్రీ. గోడకు గాడి కొట్టి, కొత్త రేకు అంచు అందులో దూర్చి సిమెంటు చేస్తే ఇక చూసుకోనక్కర్లేదని ఎంత చెప్పినా గురమ్మ వినలేదు. మొండిదని అతను విసుక్కునేవాడు. గోడల సంగతి తెలిసినంతగా అక్క సంగతి అతనికి తెలియదు.

కిందటేడు బోటు యజమాని మరమ్మతులకని అక్కడే ఉంచేయడంతో కాములు రాలేదు. కార్తీకంలో తుఫాను వచ్చి, పగిలిన గుగ్గిలంతో సహా నన్ను పెరికి పెరట్లో పారేసింది. వసారా చెరువైంది. గాలి తగ్గగానే సింహాద్రి తన మాట నెగ్గించుకున్నాడు.

"ఇంక నీకే బెంగా నేదప్పా" అన్నాడు అక్కతో.

కొత్త రేకును చూసి ఆమె ఏడ్చింది. సంతోషమనుకున్నాడు.

నేనిప్పుడు కోళ్ళగూటి కప్పును. ఆ చేతులు మళ్ళీ తగలవన్న దిగులుతో తుప్పు పడుతున్నాను. నిన్న వేసవి వాన వెలిశాక, గురమ్మ నా పక్కనే నిలబడి ఫోనులో మాట్లాడింది. ఈసారీ ఉండిపొమ్మంటున్నారని, ఏం చెయ్యాలో తోచడం లేదని కాములు చెబుతున్నాడు. తర్వాత ఇంటి సంగతి అడిగాడు.

"కప్పు కారతందేటే?"

ఆమె వసారా వైపు చూసింది. అక్కడ చుక్క నీరు లేదు.

"కారతంది. నువ్వొచ్చి పూత్తేగానీ ఆగదు."

ఫోను పెట్టేసి, నన్ను గూటి మీద నుంచి తీసి, కొంగుతో తుప్పు తుడిచి, నిచ్చెన పక్కన గోడకు ఆనించింది.