కొక్కేనికి రంగు లేదని

కొక్కేనికి రంగు లేదని మా సైమి గెలుపు కొట్టేశారు. ఇంజనులో దొంగతనం లేదు, ఎవర్నీ గుద్దలేదు, ఎవరికీ అడ్డం రాలేదు. కారు ముందు ఒక ఇనుప కొక్కెం ఉంటుంది. బురదలో దిగబడితే తాడు తగిలించి లాగడానికి. అది దూరానికి కనబడేలా మెరిసే రంగు వేసి ఉండాలని మా కంకర దారి కారు పందేల రూళ్ళ పుస్తకంలో ఉంది. వేశాను, నా చేత్తోనే వేశాను. రెండో మలుపులో కారు కంకర గట్టుని రాసుకుపోయింది. రంగంతా లేచిపోయింది. సైమి అందరికంటే ముందు గీత దాటింది. కారు ఆగీ ఆగకముందే కలెర్వో న్యాయనిర్ణేతల బల్ల దగ్గర ఫిర్యాదు పెట్టేశాడు.

కలెర్వోకి మా ఊరి పెద్దరోడ్డు మీద గ్యారేజీ ఉంది. అతని కొడుకు రైనె, మా సైమీ ఈ ఏడాదంతా కైను జిల్లా కప్పు కోసం నువ్వా నేనా అని పోరాడుతున్నారు. సైమి నా తమ్ముడి కూతురు, పాల లారీ నడుపుతుంది. నేను పాలుపితికే యంత్రాలూ ట్రాక్టర్లూ బాగుచేస్తాను. ఇద్దరం కలిసి శీతాకాలమంతా నా షెడ్డులో కూర్చుని తుక్కులోంచి లేపిన కారు అది. ఎర్రగా ఉంటుంది కాబట్టి మా వైపు ఎర్రావులకి పెట్టే మన్సిక్కి అనే పేరు పెట్టింది సైమి.

"ఏం మార్కెట్టా, పరిగెత్తింది కొక్కెమా, కారా?" అని బల్ల మీద గుద్ది అడిగాను.

మార్కెట్టా ప్రధాన న్యాయనిర్ణేత. నాతో బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అరవకు ఇంకెరీ, చెవులు బాగానే పనిచేస్తున్నాయి. ఫిర్యాదు వచ్చింది. చూశాను, రంగు లేదు. రూలు రూలే."

"పోటీ మొదలయ్యేటప్పుడు ఉందా లేదా?"

"గీత దాటేటప్పుడు కూడా ఉండాలని రాసుంది."

కలెర్వో పక్కనే సాసేజికి ఆవపిండి రాసుకుంటున్నాడు. "ఈసారి రెండు పూతలు వెయ్యి ఇంకెరీ, కక్కుర్తి పడకు," అన్నాడు. పుండు మీద కారం అంటే అదే. వాడి సాసేజి లాక్కుని కుక్కకి వేద్దామనిపించింది. వేశాను కూడా. దానికి మార్కెట్టా నన్ను మందలించింది.

రూళ్ళు వద్దని నేననను. ఆ కొక్కెం రంగు మంచి రూలే. బురదలో మునిగినవాడికి దాని విలువ తెలుసు. కానీ తప్పు చేసినవాణ్ణి మందలించు, జరిమానా వెయ్యి. కంకర మీద గెలిచిన పందేన్ని బల్ల మీద ఇంకొకడికి రాసివ్వడమేమిటి? ఆ రోజు సైమికి రావలసిన పాయింట్లన్నీ పోయాయి. రైనె ఆమెతో సమానమయ్యాడు. ఇక మిగిలింది చివరి పందెం ఒక్కటే. అందులో ఎవరు ముందొస్తే కప్పు వాళ్ళది.

అక్కడితో అయిపోలేదు. మా పందేలకొక కట్టుబాటుంది. ఆ రోజు పరిగెత్తిన ప్రతి కారూ అమ్మకానికి ఉన్నట్టే. ధర ఒకటే, డొక్కుదానికైనా గెలిచినదానికైనా. పందెం లైసెన్సున్న ఎవరైనా చీటీ మీద తన పేరు రాసి ఆ కారు పేరున్న పెట్టెలో వెయ్యొచ్చు. ఎక్కువ చీటీలు పడితే ఒకటి తీస్తారు. ఇవ్వనన్నవాడి లైసెన్సు అక్కడికక్కడే పోతుంది. డబ్బున్నవాడు కారులో బంగారం పోసి గెలవకుండా పెద్దలు పెట్టిన పద్ధతి. ఎంత పోస్తే అంత పరులపాలు.

ఆ సాయంత్రం మన్సిక్కి పెట్టెలో కలెర్వోతో పాటు అతని తమ్ముడు, బావమరిది, అల్లుడు, చివరికి వియ్యపురాలు కూడా చీటీలు వేశారు. కలెర్వో పేరే వచ్చింది. సైమి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది. తర్వాత కాఫీ బండి వెనక్కి వెళ్ళి ఏడ్చింది. అది చూసి నా ఒళ్ళు మండిపోయింది. చీటీ తీసుకుని, నా పేరు రాసి రైనె నడిపే నల్లకారు పెట్టెలో కుక్కాను. నా పాత లైసెన్సు ఇంకా బతికే ఉంది మరి. ఊళ్ళో అందరి బళ్ళూ కలెర్వో గ్యారేజీకే పోవాలి కాబట్టి ఆ కారు జోలికి ఏనాడూ ఎవరూ పోలేదు. పెట్టెలో నా చీటీ ఒక్కటే ఉంది.

కలెర్వో మొహం పాలిపోయింది. "అది ముసలిదైపోయింది ఇంకెరీ. నీకెందుకు దాంతో? నువ్వు వద్దనుకుంటే నేనే వెనక్కి తీసుకుంటా."

"నేనూ ముసలిదాన్నేలే. మాకు జోడీ కుదురుతుంది," అన్నాను.

ఇంటికొచ్చాక మా తమ్ముడు నోరు విప్పాడు. వాడు నోరు విప్పడమే ఒక విశేషం. "హెల్సింకీలో పెద్దల దగ్గర అప్పీలు చెయ్యొచ్చటగా," అన్నాడు.

"చేద్దాం! రేపే చేద్దాం!" అన్నాను నేను.

సైమి బూట్లు విప్పుకుంటూ తల అడ్డంగా ఊపింది. మా దగ్గర కప్పు గెలిచినవాళ్ళు అందరి ముందూ అందులో కాఫీ పోసుకుని తాగాలి. "అత్తా, అప్పీలులో వచ్చిన కప్పులో కాఫీ గొంతు దిగుతుందా? ఆ నల్లదాన్ని బాగుచెయ్యి. చివరి పందెం దాంట్లోనే నడుపుతా."

మర్నాడు నల్లకారుని పైకెత్తి కిందికి దూరాను. వెనక సీటు కింద అడ్డంగా ఒక బోలు ఇనుప దూలం ఉంటుంది. దానిమీద మట్టి రంగు కింద కొత్త అతుకు కనబడింది. సుత్తితో కొట్టి చూశాను. బోలుది గణగణమనాలి, ఇది దబ్బుమంది. కోశాను. లోపల సీసం! దూలం నిండా పోసి, మూత అతికించి, పైన మట్టి రంగు పూశాడు మహానుభావుడు. కంకర మీద వెనక చక్రాలు జారకుండా నేలని కరిచి పట్టుకోవాలంటే అంతకంటే ఏం కావాలి? బరువు దాచడం మా పందేల్లో అన్నిటికంటే పెద్ద తప్పు. కొక్కెం రంగు దాని ముందు ఏ మూలకి?

"సైమీ! ఒసే సైమీ! పరిగెత్తుకు రా!" అని అరిచాను. "దొరికాడు! దీన్ని ఇలాగే లాక్కెళ్ళి మార్కెట్టా బల్ల మీద పడేస్తా. వాళ్ళ ఏడాది పాయింట్లన్నీ పోతాయి. కప్పు నడుచుకుంటూ మనింటికొస్తుంది!"

ఆమె వంగి చూసింది. సీసాన్ని వేలితో గీకింది.

"రైనెకి తెలిసుండదు," అంది.

"తెలిస్తే ఏం, తెలియకపోతే ఏం?"

"నేను వాడి మీద గెలవాలనుకున్నాను అత్తా. వాళ్ళ నాన్న మీద ఫిర్యాదు పెట్టి కాదు. ఇది తీసెయ్. బరువు లేకుండా దీన్నెలా నడపాలో నేర్చుకుంటా."

"నీకు పిచ్చి పట్టిందే!"

"పట్టిందిలే. తీసెయ్."

రాత్రి భోజనం దాకా నేను సైమితో మాట్లాడలేదు. దాని మొండితనం మా అమ్మది. ఆఖరికి ఆవిరిస్నానానికి వేడెక్కించిన సౌనా రాళ్ళ మీద సాసేజిలు కాల్చి, పెద్దది నా పళ్ళెంలో వేసి, "తిను, కోపానికి బలం కావాలి కదా," అంది. నవ్వొచ్చేసింది. తర్వాత సీసం కరిగించి తీశాను, దూలానికి ఒక పలక పెట్టి మరలు బిగించాను. ఆ సీసం ముద్ద షెడ్డు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా పెట్టుకున్నాను. ఇక కొక్కెం సంగతి అడక్కండి. దానికి ఎన్ని పూతలు వేశానో నాకే తెలియదు.

సీసం పోయాక ఆ కారు చెప్పినమాట వినలేదు. మలుపు వచ్చిందంటే వెనక భాగం దూడలా ఎగిరి పక్కకి పోయేది. సైమి రోజూ పాల లారీ పని ముగించుకుని పాత ఇసుక గుంటలో తిప్పేది. మొదట్లో గింగిరాలే. తర్వాత్తర్వాత ఆ జారుడుని ఆపడం మానేసి, దాన్నే వాడుకోవడం మొదలుపెట్టింది. మలుపుకి ముందే వెనకని జారనిచ్చి, ముక్కు తిరగగానే యాక్సిలరేటరు తొక్కేది. గట్టు మీద నిలబడి చూస్తున్న నాకు ఒక రోజు అరుపు ఆగలేదు. "అలాగే! అలాగే పోవే తల్లీ!"

చివరి పందెం రోజు వాన పడింది. గీత మీద నల్లకారులో మా సైమి, పక్కనే మా మన్సిక్కిలో రైనె. నేను చేసిన కారు మీద నేను పగబట్టాల్సొచ్చింది చూడండి! "పరిగెత్తకే మన్సిక్కీ, ఈ ఒక్కసారికి కుంటవే," అని గొణుక్కున్నాను.

అది కుంటలేదు. నేను చేసింది మరి! జెండా పడగానే రైనెని ముందుకి విసిరింది. సైమి వెనకబడింది. బురద చిమ్మి అద్దం మూసుకుపోతోంది, ఆమె తల పక్కకి వంచి చూస్తూ నడుపుతోంది. వానకి లోపలి దారి బురదైపోయింది, అందరూ అక్కడే ఒకరి వెనక ఒకరు నిదానిస్తున్నారు. బయటి గట్టు పక్కన మాత్రం వదులు కంకర. అక్కడ నడిపితే ఎవరికైనా బండి జారుతుంది. మా సైమికి కావలసింది ఆ జారుడే. ఒక్కో మలుపులో బయటినుంచి ఒక్కొక్కణ్ణి దాటుతూ వచ్చింది. ఆఖరి మలుపుకి రైనె ముందున్నాడు. సైమి నల్లకారుని అడ్డంగా తిప్పేసింది. చూసినవాళ్ళంతా అయిపోయిందనుకున్నారు. ఆ అడ్డంలోనే, గట్టుని ఆనుకుని, కంకరని వానలో వానలా కురిపిస్తూ రైనె పక్కకొచ్చి, ముక్కు తిన్నగా చేసి తొక్కింది. బంపరంత తేడాతో గీత దాటింది.

నేనేం అరిచానో నాకు గుర్తులేదు. మా తమ్ముడు టోపీ తీసి నేలకేసి కొట్టి దానిమీద గెంతాడు. నలభై ఏళ్ళుగా వాడు గెంతడం నేనెప్పుడూ చూడలేదు.

మేమింకా గెంతుతుండగానే కలెర్వో మార్కెట్టా బల్ల దగ్గరున్నాడు. అలవాటైన దారి కదా!

"ఫిర్యాదు! ఆ కారులో బరువు దాచారు. వెనక సీటు కింద దూలం విప్పి చూడండి. సీసముంటుంది!"

జనం మూగారు. మార్కెట్టా కళ్ళజోడు పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. మనుషుల్ని పిలిపించి కారు ఎత్తించింది. మరలు విప్పారు, పలక ఊడింది. మార్కెట్టా మోచేతిదాకా చెయ్యి లోపల పెట్టి తడిమింది. మసి చెయ్యి బయటికి తీసి అందరికీ చూపించింది.

"ఖాళీ," అంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "కలెర్వో, కారంతా వదిలేసి సరిగ్గా ఈ దూలమే ఎందుకు విప్పమన్నావు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అతను, "అనుమానం... ఊరికే అనుమానం వచ్చింది," అన్నాడు.

"నాన్నా?" అన్నాడు రైనె. హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మార్కెట్టా నావైపు తిరిగింది. "ఇంకెరీ, ఇందులో ఇదివరకు ఏమైనా ఉండేదా?"

నాలుక చివర ఉంది మాట. నా షెడ్డు తలుపుకి అడ్డంగా ఉంది సాక్ష్యం. ఒక్క ముక్క అంటే కలెర్వో ఏడాదంతా తుడిచిపెట్టుకుపోతుంది, కొక్కెం లెక్క తీరిపోతుంది. సైమి వైపు చూశాను. మొహం నిండా బురద, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. తల అడ్డంగా ఊపింది.

"కొన్నరోజు నుంచి ఈ కారుకి నేను జవాబుదారీ," అన్నాను. "అంతకుముందు సంగతి అమ్మినవాణ్ణే అడుగు."

ఎవరో వెనకనుంచి కిసుక్కుమన్నారు. అంతే, మైదానమంతా పగలబడి నవ్వింది. కలెర్వో తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"సైమీ," అంది మార్కెట్టా, "నువ్వు ఫిర్యాదు పెడితే నేను తవ్వుతాను. లేకపోతే తవ్వలేను. పెడతావా?"

"గెలిచాను కదా, ఇంకెందుకు? కాఫీ చల్లారిపోతోంది," అంది సైమి.

కప్పులో కాఫీ పోయించుకుని, గుక్కెడు తాగి, రైనె చేతికిచ్చింది. అతనూ తాగాడు.

చివర్లో అమ్మకం పెట్టెలు తెరిచారు. గెలిచిన నల్లకారు పెట్టె చీటీలతో పగిలిపోతోంది. టపా పంచే ఆవిడకి దక్కింది, సంతోషంగా అప్పగించాను. తర్వాత మన్సిక్కి పెట్టె. రెండోస్థానంలో వచ్చిన కారు, దానికి కాచుకున్నవాళ్ళెందరో నాకు తెలుసు. మార్కెట్టా పెట్టె బోర్లించింది. ఒక్క చీటీ పడింది. అడుగు తట్టింది, వేలు పెట్టి మూలలు వెతికింది. ఇంకేమీ లేదు. కలెర్వో వియ్యపురాలు కూడా వెయ్యలేదు.

"సైమి," అని చదివింది మార్కెట్టా.

"ఒకరి ఆవుని రెండుసార్లు తోలుకుపోతామా ఏంటి!" అని అరిచారెవరో గుంపులోంచి.

రైనె తాళంచెవి తెచ్చిచ్చాడు. ఇచ్చి కూడా కదల్లేదు. నేల చూపులు చూస్తూ, "కొక్కేనికి రంగు నేనే వేశాను. మూడు పూతలు," అన్నాడు.

సైమి వెళ్ళి మన్సిక్కి ముందు మోకాళ్ళ మీద కూర్చుని బురద తుడిచింది. కొక్కెం ఎర్రగా మెరిసింది. నాకు ఏడుపాగలేదు.