అటక మీది ప్రతివాది

విడాకుల కాగితాలు అందుకున్న మగాళ్లు మామిడికుదురు చుట్టుపక్కల ఎంతమందో ఉంటారు. వాటికి భయపడి అటకెక్కినవాడు మాత్రం నా కడుపున పుట్టిన జయప్రకాష్ ఒక్కడే.

మా కోడలు రూతు రెండేళ్ల కిందట అమలాపురంలోని పుట్టింటికి వెళ్లిపోయి కోర్టులో విడాకులకు వేసింది. చెయ్యి చేసుకునే మొగుడితో ఉండలేనంది. కాదనడానికి నా దగ్గర మాట లేదు. అయితే కేసు కదలాలంటే ముందు సమన్లు మొగుడికి అందాలట. డిగ్రీ ఎన్నిసార్లు రాసినా గట్టెక్కని మా వాడు ఈ ఒక్క ముక్క మాత్రం బాగా వంటబట్టించుకున్నాడు. అప్పటినుంచి గేటు చప్పుడైతే చాలు, నిచ్చెనేసుకుని అటకెక్కి, ఎండి కురిడీలవ్వాలని దాచిన కొబ్బరికాయల మధ్య దూరతాడు. నిచ్చెన తీసి గోడకి ఆనించడం, వచ్చినాయనతో "అబ్బాయి లేడండి" అనడం నా వంతు. అబద్ధమాడితే గోడకుర్చీ వేయించిన టీచర్ని నేను! రిటైరయ్యాక ఈ ఉద్యోగం దొరికింది.

సమన్లు తెచ్చే కోర్టు మనిషి పేరు వెంకన్న. అంత మొహమాటస్తుణ్ని నేనింతవరకూ చూడలేదు.

"అబ్బాయిగారు లేకపోతే మీరైనా పుచ్చుకోవచ్చండి. ఇంట్లో ఉండే పెద్దవాళ్లెవరు సంతకం పెట్టినా చాలండి," అనేవాడు.

"నాకెందుకండీ ఆ గొడవ? ముందు టిఫిను చెయ్యండి," అని పనసాకు బుట్టల్లో వండిన పొట్టిక్కలు పెట్టేదాన్ని.

పుచ్చుకోకపోతే కాగితం తలుపుకి అంటించి పోవచ్చట. "టీచరుగారి తలుపుకి ఎలా అంటిస్తానండీ, ఊరంతా చూడదూ?" అని నొచ్చుకుంటూ వెళ్లిపోయేవాడు. కోర్టువారు మళ్లీ పంపేవారు, ఆయన మళ్లీ వచ్చేవాడు, మళ్లీ తినేవాడు. ఆయన మర్యాద, నా మర్యాద కలిసి ఆ పిల్ల కేసుని అంగుళం కదలనివ్వలేదు.

నాకూ ఒక ఆశ ఉండేది. మా వాడు దాక్కుంటున్నది పెళ్లాం మీద బెంగతోనేమో, కొన్నాళ్లు సాగదీస్తే ఆ పిల్ల మనసు మారి తిరిగొస్తుందేమో అనుకున్నాను. రూతంటే నాకు ప్రాణం. ఈ ఇంట్లో నాతో కూర్చుని కబుర్లు చెప్పిన మనిషి అదొక్కతే.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనం పెడుతుంటే ఉండబట్టలేక అడిగాను. "ఎన్నాళ్లురా ఇలాగ? వెళ్లి దాన్ని తీసుకురారాదూ?"

వాడు కోడికాలు చీకుతూ నవ్వేడు. "తెచ్చుకోడానికా నేను అటకెక్కేది? జుట్టు నెరిసేదాకా దాన్ని కోర్టు చుట్టూ తిప్పుతానమ్మా. అప్పుడెవడు చేసుకుంటాడో నేనూ చూస్తాను."

నా ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ నేను కొడుకు కాపురాన్ని కాపాడుతున్నాననుకున్నాను. ఈ వెధవ ఆ పిల్ల వయసుని తినేస్తుంటే పక్కన నిలబడి వడ్డిస్తున్నానన్నమాట!

గురువారం పొద్దున్న గేటు చప్పుడైంది. మా వాడు అటకెక్కాడు. నేను నిచ్చెన తీసేశాను.

"అబ్బాయిగారున్నారాండి?" అన్నాడు వెంకన్న, గుమ్మంలో ఉన్న మగచెప్పులు చూసి చూడనట్టు.

"లేడండి. ఇప్పట్లో రాడు కూడాను. ఆ కాగితం ఇలా ఇవ్వండి, నేను పుచ్చుకుంటాను."

వెంకన్న తడబడుతూ సంచీలోంచి కాగితం తీశాడు. అటక మీద ఓ కొబ్బరికాయ దొర్లింది.

"పైన ఎవరన్నా ఉన్నారాండి?"

"ఎలకలండి. మా వాడే ఇంట్లో ఉంటే మగాడిలా దిగొచ్చి తనే పుచ్చుకునేవాడు కదండీ?" అన్నాను, పైకి బాగా వినపడేలా.

ఇద్దరం కాసేపు ఆగాం. దిగితే వాడి చేతికే ఇస్తారు, దిగకపోతే నేను పుచ్చుకుంటాను. అంత ఘనుడికి ఏం చెయ్యాలో తోచలేదు. చిన్న దగ్గు వినపడి, అదీ మధ్యలో ఆగిపోయింది.

"ఆయ్, అయితే లేరనే రాసుకుంటానండి," అన్నాడు వెంకన్న. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. పేరు రాశాను, పక్కన 'తల్లి' అని రాశాను. రాస్తుంటే ఏడుపొచ్చింది. వాడి కాపురం పోతోందని కాదు. ఇక ఆ పిల్ల నాకేమీ కాదని.

వెంకన్న వెళ్లాక నిచ్చెన వేశాను. ఒళ్లంతా బూజుతో దిగాడు మా వాడు.

"ఎవరు పెట్టమన్నారు సంతకం? నేను పైనే ఉన్నాను కదా!"

"ఆ ముక్క ఆయనున్నప్పుడు చెప్పాల్సింది," అని కాగితం వాడి చేతిలో పెట్టాను. "వాయిదా తారీఖు చూసుకో."

వాడు పళ్లు కొరుక్కుంటూ బయటికి పోయాక రూతుకి ఫోన్ చేశాను. ఇదివరకైతే అబద్ధాలాడుతున్న మొహంతో దానికి ఫోన్ చెయ్యడానికి చెయ్యి వచ్చేది కాదు.

"కాగితం అందిందమ్మా. నేనే సంతకం పెట్టేను."

అది వాయిదా తారీఖు అడిగి రాసుకుంది.

"వాయిదాకి మీరూ వస్తారాండి?" అంది.

"వస్తాను. నీ తరఫున చెప్పమంటే నేను చూసినదంతా చెప్తాను."

"అయితే బస్సులో ఒక్కరూ పడి రాకండి, అత్తయ్యగారూ. పొద్దున్నే నేనే వచ్చి తీసుకెళ్తాను," అంది.