యాకూత్ దీపం ఎటూ వాలలేదు

ఓఫకీంలో మంగళవారం సాయంత్రం అంగళ్ళు కట్టేశాక, లైబ్రరీ మేడమీద గెనియా టీచరు క్లాసు మొదలవుతుంది. వచ్చేది చిన్నపిల్లలు కాదు. రొట్టెల బేకరీ ఆయన, ఆసుపత్రి నర్సమ్మ, రిటైరైన బస్సు డ్రైవరు, ఇలాంటివాళ్ళు. తమ తాతముత్తాతల్ని ఎలా వెతుక్కోవాలో నేర్చుకుందామని వస్తారు. పోలండులో పుట్టి, ఈ ఎడారి ఊళ్ళో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పిన గెనియాకి ఓపిక బహు తక్కువ. "ముందు బతికున్న ముసలాళ్ళని అడగండి. కాగితాలు ఎక్కడికీ పోవు" అని గదమాయించేది. ఆ తర్వాత దీపాల పాఠం.

దీపాల సంగతి ఎవరికి తెలియదు గనక! పోయినవాళ్ళ పేరున గాజుగ్లాసులో దీపం పెడితే, జ్యోతి వాళ్ళ సమాధి ఉన్న దిక్కుకి వాలుతుంది. బాగ్దాదు వాళ్ళ ఇళ్ళలో తూర్పుకి, ట్యునీషియా వాళ్ళ ఇళ్ళలో పడమరకి. గెనియా చేసిందల్లా దానికో దిక్సూచి జతచేయడమే. ఒకే మనిషికి ఇక్కడొకటి, హైఫాలో ఒకటి దీపం పెట్టించి, మ్యాపుమీద రెండు గీతలు గీయించేది. గీతలు కలిసినచోట సమాధి. అలాగే బేకరీ ఆయన వాళ్ళ ముత్తాతని బస్రాలో పట్టుకున్నాడు. పట్టరాని సంతోషంతో క్లాసంతటికీ నువ్వుల రొట్టెలు పంచిపెట్టాడు.

ఓస్నత్ ఆ క్లాసులో చేరింది వాళ్ళ నాన్న మఖ్లూఫ్ కోసం. ఆయన చిన్నతనంలో మొరాకో కొండల్లోని వాళ్ళ ఊరినుంచి పిల్లల్ని ముందుగా ఓడెక్కించారు. పెద్దవాళ్ళు వెనకాలే వస్తారన్నారు. వాళ్ళమ్మ యాకూత్ రాలేదు. పిల్లల శిబిరంలో ఎవరో ఒకాయన "మీ అమ్మ జ్వరంతో పోయిందట బాబూ" అని చెప్పి, చేతిలో ఒక నారింజపండు పెట్టి వెళ్ళిపోయాడు. ఇంటిపేరు కూడా ఆ శిబిరంలోనే మారింది. ఇఫెర్గాన్ కాస్తా గోరెన్ అయింది.

తల్లి పోతే ఆ తిథినాడు కొడుకు యూదుల గుడిలో లేచి నిలబడి కద్దీష్ ప్రార్థన చదవాలి. తిథి తెలియనివాళ్ళకి ఏడాదికొక ఉపవాసం రోజుంది, ఆ రోజు అందరికీ కలిపి చదివేస్తారు. మఖ్లూఫ్ నలభై ఏళ్ళుగా అలాగే చదువుతున్నాడు. "మా అమ్మ ఊళ్ళోవాళ్ళ గుంపులో ఒకతె అయిపోయింది. ఆవిడకంటూ ఒక రోజు కావాలే" అని కూతురితో అన్నాడు. ఆయన పెట్టే దీపం మాత్రం ఏ దిక్కుకీ వాలేది కాదు. నిటారుగా నిలబడేది.

బతికున్న ముసలాళ్ళని అడగమన్నారు కదా అని, ఓస్నత్ అష్దోద్ వెళ్ళి వాళ్ళ కొండ ఊరి ముసలాయన్ని పట్టుకుంది. ఆయనకి చెవుడు. అరిచి అరిచి అడిగితే, "యాకూత్ పెద్దకూతురు ఈ దేశమొచ్చాక సఫేద్‌లో ఆడపిల్లని కనింది. ఆ పిల్లకీ యాకూత్ అనే పెట్టారు, నీళ్ళ ట్యాంకు కట్టిన ఏడు. తర్వాత నేనా ఊరు వదిలి ఇటు వచ్చేశా" అన్నాడు.

మంగళవారం క్లాసులో అది విని గెనియా బల్ల మీద చరిచింది.

"ఇంకేం! మనవరాలికి పేరు పెట్టారంటే పెద్దావిడ అప్పటికే పోయిందన్నమాట. బతికున్నవాళ్ళ పేరు ఎవరైనా పెడతారా? మృత్యుదూత పొరబడి పసిదాన్ని తీసుకుపోడూ? ఆ ట్యాంకు ఎప్పుడు కట్టారో చూసి, అంతకు ముందు ఏళ్ళలో వెతుకు."

"మరి దీపం వాలదేం టీచర్? సమాధి లేదంటారా?"

గెనియా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "సమాధి లేకపోతే అలా నిలబడదమ్మా. మా అమ్మకీ చెల్లెళ్ళకీ సమాధుల్లేవు. వాళ్ళ దీపాలు ఆరిపోయేదాకా గిరగిరా తిరుగుతూనే ఉంటాయి. ఇదేమిటో నేనెరగను. వత్తి మార్చి చూడు."

ఓస్నత్ వత్తి మార్చింది, నూనె మార్చింది, గ్లాసు తీసుకెళ్ళి వేరే కిటికీలో పెట్టింది. జ్యోతి నిటారుగానే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం వంటింట్లో వాళ్ళమ్మ సుల్తానా చేపముక్కలకి ఎర్రకారం పట్టిస్తోంది. ఓస్నత్ పక్కన నిలబడి వెల్లుల్లి ఒలుస్తూ, "ఇక తిథి దొరికినట్టేనమ్మా. ట్యాంకు కట్టకముందే పోయింది నాయనమ్మ. మనవరాలికి పేరు పెట్టారుగా" అంది.

సుల్తానా చెయ్యి ఆగింది. "పేరు పెడితే పోయినట్టా? ఎవరు చెప్పారే?"

"టీచరు."

"మీ టీచరుది పోలండు. వాళ్ళు పోయినవాళ్ళ పేర్లు పెట్టుకుంటారు. మనం బతికున్నవాళ్ళవి పెడతాం, చూసుకుని మురిసిపోతారని. మీ అన్నది ఎవరి పేరే? మా నాన్నది కాదూ? సున్తీ రోజున వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నదెవరు, దెయ్యమా? ఏం చదువులే నీవి!"

ఓస్నత్ మొహం కందిపోయింది. ఇంట్లో అన్నని చూస్తూ పెరిగి, టీచరు చెప్పిన సూత్రం ముక్కున పట్టి అప్పజెప్పింది. ఇద్దరూ ఒకేసారి కిటికీలో దీపం వైపు చూశారు.

"వాలడానికి సమాధంటూ ఉండాలి కదే" అంది సుల్తానా, గొంతు తగ్గించి.

మఖ్లూఫ్ ముందుగదిలో రేడియో వింటున్నాడు. చెప్పగానే కట్టేశాడు.

"బతికున్న మనిషికి నేను కద్దీష్ చదివానా? నలభై ఏళ్ళా? ఆవిడ ఆయుష్షు తిన్నానే నేను."

"ఆవిడ ఆయుష్షు గట్టిదిలేవయ్యా. నీ గొంతుకి బెదిరి పోలేదు" అంది సుల్తానా, తలగుడ్డ కొసతో కళ్ళు ఒత్తుకుంటూనే.

ఓస్నత్ సఫేద్‌కి ఫోను చేసింది. రెండు మూడు ఇళ్ళు తిరిగి, చివరికి చిన్న యాకూత్ దొరికింది. "అమ్మమ్మా? అదిగో, పప్పు ఏరుతోంది. కొడుకు కోసం అడగని ఆఫీసు లేదండీ మా అమ్మమ్మ. ఇఫెర్గాన్ పేరుతో అలాంటి కుర్రాడే లేడన్నారు. ఇంతకీ ఎవరు మీరు?" మఖ్లూఫ్ ఫోను అందుకోలేదు. "ఊరివాళ్ళెవరో వస్తున్నారని మాత్రం చెప్పమను" అన్నాడు.

ఆదివారం బస్సులో దారిపొడుగునా ఆయన ఒకే వాక్యం గొణుక్కుంటూ కూర్చున్నాడు, పరీక్షకి వెళ్ళే కుర్రాడిలా. సఫేద్ మెట్లెక్కేసరికి ఆయాసం. తలుపు తీసింది ముసలావిడే. మఖ్లూఫ్ భుజం దాకా కూడా రాదు.

"నేను మఖ్లూఫ్ ఇఫెర్గాన్‌ని. యాకూత్ కొడుకుని, ఆవిడ ఆత్మకి శాంతి కలుగుగాక."

అమ్మ పేరెత్తితే ఆ ముక్క కలపడం ఆయనకి అలవాటైపోయింది. నోరు దానంతటదే అనేసింది. వెనకనుంచి ఓస్నత్ ఆయన చెయ్యి గిల్లింది.

ముసలావిడ తలెత్తి ఆయన్ని చూసింది, చూస్తూనే ఉంది. రెండు చేతులతో ఆయన చొక్కా కాలరు పట్టుకుని మొహం కిందికి లాక్కుంది.

"శాంతా?" అంది. "నిన్ను ఓడెక్కించిన రోజునుంచి నాకు శాంతి ఎక్కడ ఏడిసిందిరా."