ఇరవై మూడేళ్ల మోకాలు

తామ్వే పేటలోని ఆ స్కానింగ్ సెంటరుకి తన మోకాలు పాడైపోయి ఉండాలని కోరుకుంటూ వచ్చినవాడు ఆ రోజు బుల్లియ్య ఒక్కడే.

బర్మా పటాలంలోకి బలవంతంగా పిలిచినవాళ్ల జాబితాలో కొడుకు సుశాంత్ పేరు పడింది. సోమవారం వార్డు ఆఫీసులో హాజరు కావాలి. మోకాలి లిగమెంటు తెగిందని డాక్టరు సంతకంతో కాగితం చూపిస్తే వదిలేస్తారని వాళ్లుండే తాకేటా పేటలో చెప్పుకుంటున్నారు. సుశాంత్ కాళ్లు ఇనుప కడ్డీల్లా ఉన్నాయి. తెగిందేదో తండ్రికే తెగింది. రెండేళ్ల కిందట దలా రేవులో తన కొట్టుకి పప్పు బస్తా దించుతూ మెట్టు తప్పి పడ్డాడు. భార్య బాలామణి ఆసుపత్రి వరండాలో మంచం కోసం కాచుకుని కాచుకుని చనిపోయిన దగ్గర్నుంచి అతను ఏ డాక్టరు గడపా తొక్కలేదు. కుంటుకుంటూనే కొట్టు నడుపుతున్నాడు.

స్కాన్ బొమ్మలో మొహం పడదు. అతని ధైర్యమంతా అదే.

యంత్రం నడిపే త్రినాథ్ బాలామణి వాళ్ల అన్న కొడుకు. ఇరవై తొమ్మిదేళ్లవాడు. కంప్యూటర్లో పేరు సుశాంత్ అనీ, వయసు ఇరవై మూడు అనీ కొట్టాడు.

"కదలకు మావా. కదిలితే బొమ్మ సెదిరిపోద్ది."

"సచ్చినోడిలా పడుంటాను. నీ పని నువ్వు సూడు."

అరగంట ఆ గొట్టంలో దడదడల మధ్య పడుకున్నాడు. లేచి వచ్చేసరికి కంప్యూటరు తెగిన చోటు చుట్టూ ఎర్ర గీత గీసి పెట్టింది. మనిషి చూడకముందే అది చూసి రాస్తుందట. ఆ తర్వాత డాక్టరు సంతకం పెడుతుందట.

"పూర్తిగా తెగిపోనాది మావా."

బుల్లియ్య నవ్వాడు. నవ్వి చాలా నెలలైంది.

"మరి మొకం అలగెట్టినావేటి?"

"కింద ఇంకో వరస రాసినాది."

"ఏటది?"

"ఎముకలు అరిగిపోనాయట. అంచులు ముళ్లు దేలినాయట. ఇది యాబై దాటినోడి మోకాలు, వయసు తప్పుగా ఉన్నాది, సరిసూసుకోండని."

"ఆ వరస సెరిపీ."

"నా సేతిలో లేదు. డాక్టరమ్మ కాడికి ఎల్లిపోనాది."

అంతలోనే లోపలి తలుపు తెరుచుకుంది. డాక్టరు ఆయే ఆయే గుమ్మంలో నిలబడి, కుర్రవాళ్ల పేరు ముందు చేర్చే 'కో' పెట్టి బర్మీలో అడిగింది.

"కో సుశాంత్ ఎవరు?"

అక్కడ త్రినాథ్ తప్ప ఇంకెవరూ లేరు. బుల్లియ్య ముందుకొచ్చాడు. ఆమె అతని నెరిసిన తలనీ, నేలకు ఆనని మడమనీ చూసింది.

"ఇరవై మూడేళ్లా?"

"అవును."

"నాకంటే చిన్నవాడివన్నమాట."

"కష్టపడ్డ ఒళ్లు డాక్టరమ్మా. తొందరగా ముసలైపోయింది."

ఆమె నవ్వలేదు. తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది.

"ఇది పటాలం తప్పించే కాగితం కోసమని తెలుస్తూనే ఉంది. సంతకం పెట్టడం నాకు క్షణం పని. కాగితంతో పాటు బొమ్మ కూడా ఇవ్వాలి. పటాలం వాళ్లూ దీన్ని కంప్యూటరుకే చూపిస్తారు. అదీ ఇదే మాట అంటుంది. మీ అబ్బాయిని ఎలాగూ తీసుకుపోతారు. ఈ బొమ్మ తీసిందెవరని ఇతన్నీ పట్టుకుపోతారు."

త్రినాథ్ తల వంచుకున్నాడు. వీడి తండ్రి, సొంత చెల్లెలు బాలామణి చచ్చిపోతే, మూడో రోజుకి గాని రాలేదు. బుల్లియ్య అది మరిచిపోలేదు. సంతకం పెట్టండి అన్న మాట నోటి దాకా వచ్చింది.

"పెట్టమను మావా," అన్నాడు త్రినాథ్. "నా సంగతి తరవాత సూద్దారి."

"నోరు ముయ్. రేపు మీ అయ్య నా గుమ్మంలో కూకుని ఏడిస్తే నేను ఇనలేను."

డాక్టరు కంప్యూటరు ముందు కూర్చుంది.

"ఏ పేరు రాయమంటారు?"

బుల్లియ్య తెర మీది కొడుకు పేరు వైపు ఒకసారి చూశాడు.

"బుల్లియ్య. యాభై ఎనిమిది."

ఆమె కొట్టింది. ఎర్ర గీత అలాగే ఉంది. కింది వరస మాయమైంది.

"ఆపరేషన్ చేయాలి. ఇప్పటికే ఆలస్యమైంది. సోమవారం రాగలరా?"

"సోమవారం కుదరదు. కొడుకుని దిగబెట్టి రావాలి," అన్నాడు బుల్లియ్య.